బెంగళూరులో ఉద్యోగం, ఊళ్ళో కంది చేను: పురుగుకు ఏ దారి ఎంచుకోవాలి?

మూడేళ్ళ కిందట, అక్టోబరు నెల, ఒక బుధవారం. ఆఫీసులో మీటింగు నడుస్తుండగా హిందూపురం దగ్గరి మా ఊరి నుంచి చిన్నాయన ఫోను. "ఒరేయ్, కంది పూతలో పచ్చపురుగు కనపడతాంది. మందు కొట్టించేదా, నువ్వొచ్చేదాకా ఆగేదా?" శనివారం వస్తున్నా కదా, ఆగు అన్నాను. శనివారం పొద్దున యలహంకలో బయలుదేరి దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు దాటుకుని చేను చేరేసరికి పది గంటలు. దారిలో ఒక మందుల అంగడిలో ఆగితే మూడు సీసాలు చేతిలో పెట్టి, మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టమన్నారు. అలాగే కొట్టాం. ఆ ఏడు కందులు అమ్మిన డబ్బులో మందులు, కూలి పోగా మిగిలింది నలుగురికి చెప్పుకునేంత లేదు.

తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. అంగడాయన నన్ను అడిగింది ఒక్కటే: "ఎన్నెకరాలు?" ఏ పురుగు, ఎంత పొడవుంది, పూత ఏ దశలో ఉంది అని ఆయన అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు.

నాలాంటివాళ్ళు బెంగళూరులో తక్కువేమీ లేరు. మారతహళ్ళిలోనో కె.ఆర్. పురంలోనో కాపురం, మడకశిర, కదిరి, మదనపల్లె, పుంగనూరు వైపు రెండు మూడెకరాల చేను. మనకు దొరికే సలహాలన్నీ రోజూ పొద్దున గట్టు మీద నిలబడి చేను చూసుకునే రైతు కోసం చెప్పినవి. వారానికోసారి పోయేవాళ్ళ లెక్క వేరు. పచ్చపురుగు గుడ్డు పగలడానికి మూడు నాలుగు రోజులు చాలు. పోయిన శనివారం శుభ్రంగా కనిపించిన పూతలో ఈ శనివారానికి పురుగు కాయలోకి తల దూర్చేసి ఉంటుంది. అందుకే ఏ మందు గట్టిది అన్నదానికంటే ముందు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను: ఈ పని ఏ రోజు జరగాలి, ఆ రోజు నేను లేకపోతే ఎవరు చేస్తారు? కింద పోల్చినవన్నీ ఆ లెక్కన పోల్చినవే.

ముందు కాయ ఒలిచి చూడండి

కంది కాయ మీద గుండ్రంగా పెద్ద కన్నం ఉండి, పురుగు తల లోపల పెట్టి ఒళ్ళు బయట వేలాడేసుకుని గింజ తింటుంటే అది శనగపచ్చ పురుగు. పేరుకు పచ్చపురుగే గానీ గోధుమ రంగులోనూ, గులాబి ఛాయలోనూ కూడా కనిపిస్తుంది, రంగు చూసి మోసపోవద్దు. మొగ్గలు, పూలు, లేత కాయలు దారాలతో అల్లుకుపోయి గూడులా ఉండి, విప్పితే లోపల ఒంటి మీద మచ్చలున్న పురుగు, దాని రెట్ట కనిపిస్తే అది మారుకా. ఊళ్ళో గూడు పురుగు అంటారు. ముసురు పట్టి నాలుగు రోజులు మబ్బు వీడకపోతే దీనికి పండగ.

మూడోది దొంగ. కాయ బయటికి నిక్షేపంగా ఉంటుంది. ఒలిస్తే గింజ మీద గాడి పడి, లోపల కాళ్ళు లేని తెల్ల పురుగో, గోధుమ రంగు గుళికలాంటి కోశమో దొరుకుతుంది. అది కాయ ఈగ పిల్ల. ఈగ లేత కాయలోకే గుడ్డు దింపుతుంది, పురుగు లోపలే పెరుగుతుంది. బయటికి గుండుసూది తలంత చిల్లు కనిపించిందంటే పని అయిపోయి ఈగ ఎగిరిపోయిందని అర్థం. ఇక గింజలు ముడతలు పడి తాలుగా మారి, కాయల మీద గోధుమ రంగు నల్లులు గుంపులుగా పట్టుకుని ఉంటే అవి రసం పీల్చే కాయ నల్లులు.

ఈ నాలుగింటినీ విడదీసి చూడటానికి కారణం ఉంది. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. పచ్చపురుగుకు కొట్టే వైరస్ మందు మారుకాను తాకనైనా తాకదు. కాయ తొలిచే పురుగుల మందులు నల్లుల మీద అంతగా పనిచేయవు. కాయ ఈగకైతే నష్టం కంటికి కనిపించాక ఏం కొట్టినా దండగే. అందుకే శనివారం చేనికి పోగానే నా మొదటి పని, ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా నడుస్తూ ఇరవై ఐదు చెట్ల నుంచి చెట్టుకు రెండు కాయలు కోసి అక్కడే ఒలవడం. అరగంట పని. కూలి అక్కర్లేదు, పైగా ఏసీలో కూర్చున్న వారం రోజుల మూలుగు దిగుతుంది.

అన్నట్టు, పేరులో కంది ఉన్నంత మాత్రాన కందిరీగ కందికి శత్రువు కాదు. వాటిలో చాలా రకాలు పురుగులను వేటాడి మనకు కూలి లేకుండా పనిచేసి పెడతాయి. చేనిలో కనిపించిన ప్రతి రెక్క మీదా మందు కొట్టించేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

విత్తేముందు చేసే ఎంపికలే మనకు ఎక్కువ లాభం

వారాంతపు సేద్యానికి అన్నిటికంటే అక్కరకొచ్చేది మనం లేకున్నా పనిచేసేది. ఆ జాబితాలో మొదటిది రకం.

రకాల విషయంలో జనం ఒక పొరపాటు తరచుగా చేస్తారు. "ఆశ" రకం, అంటే ఐసీపీఎల్ 87119, ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకుంటుందని పేరు తెచ్చుకుంది. అది విని పురుగును కూడా తట్టుకుంటుందని కొనేస్తారు. తెగులు వేరు, పురుగు వేరు. కాయ తొలిచే పురుగును కొంత తట్టుకునే గుణం ఉన్నవి "అభయ" అని పిలిచే ఐసీపీఎల్ 332, గుంటూరు లాం ఫారం నుంచి వచ్చిన ఎల్‌ఆర్‌జీ 41 లాంటివి. బెంగళూరు జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బీఆర్‌జీ 1, బీఆర్‌జీ 2 రకాలు కోలారు, చిక్కబళ్ళాపుర వైపు బాగా నడుస్తాయి, మన సరిహద్దు మండలాల వాతావరణమూ అలాంటిదే. తట్టుకోవడం అంటే పురుగు పడదని కాదు. పడినా పంట మొత్తం పోదని.

రకం పేరుకంటే పూత తీరు ఇంకా ముఖ్యమని నా అభిప్రాయం. పూతంతా ఒక్కసారే గుత్తులు గుత్తులుగా వచ్చే స్వల్పకాలిక రకాలు కోతకు తొందరగా వస్తాయి, చూడ్డానికీ ముచ్చటగా ఉంటాయి. కానీ ఆ రెండు మూడు వారాలు చేను కాపలా కాయలేకపోతే మొత్తం ఊడ్చుకుపోతుంది. గుత్తుల్లో మారుకా గూడు కట్టుకోవడమూ సులువు. కొమ్మలు సాగుతూ విడతలు విడతలుగా పూసే మధ్యకాలిక రకం అయితే మొదటి పూత పురుగు పాలైనా చెట్టు మళ్ళీ పూస్తుంది, కొంతైనా పూడ్చుకుంటుంది. పూత ఎక్కువ రోజులు నడుస్తుంది కాబట్టి చివర్లో కాయ ఈగ బాధ కాస్త పెరుగుతుంది, అది నిజమే. అయినా ఒక శనివారం పిల్లల స్కూలు ఫంక్షను వచ్చి చేనికి పోలేకపోయినా క్షమించే పంట కావాలి మనకు. నేను మధ్యకాలికానికే ఓటు వేస్తాను.

విత్తే రోజు కూడా ఊరితో పాటే ఉండాలి. సెలవు దొరకలేదని అందరికంటే మూడు వారాలు ఆలస్యంగా విత్తితే, ఊళ్ళో కందంతా ముదిరాక పచ్చగా పూతలో ఉండేది మన చేనొక్కటే. చుట్టుపక్కల రెక్కల పురుగులన్నీ విందుకు అక్కడికే వస్తాయి.

మిగతావి మా తాతల కాలం నుంచీ ఉన్నవే. వేసవిలో లోతుగా దుక్కి దున్నితే మట్టిలో నిద్రపోయే పచ్చపురుగు కోశాలు పైకొచ్చి ఎండకు మాడిపోతాయి, పక్షులూ తింటాయి. అనంతపురం వైపు వేరుశనగలో కంది సాళ్ళు, సరిహద్దు దాటితే కన్నడ రైతులు రాగిలో వేసే "అక్కడి సాలు", కందిలో అక్కడక్కడ జొన్న. ఒట్టి కంది వేసిన చేనుకంటే ఇలా కలిపి వేసిన చేనులో పక్షులు, సాలీళ్ళు, అక్షింతల పురుగులు ఎక్కువ తిరుగుతాయి. ఒకవేళ కంది పోయినా రాగి మిగులుతుంది. ఆ ధీమాకు ఏ మందుల అంగడిలోనూ సీసా దొరకదు.

బుట్టలు, పక్షి కొయ్యలు, దులపడం

లింగాకర్షక బుట్టలు పెట్టి, ఇక పురుగు పడదని ఇంటికొచ్చేసేవాళ్ళను చూశాను. బుట్టలో పడేవి మగ రెక్కల పురుగులు మాత్రమే. ఎకరాకు నాలుగు పెడితే చేను చుట్టూ ఎగిరే మగవన్నీ అందులో పడిపోవు. పడినవి చాలు, మనకు కావలసింది కబురు. మా చిన్నాయన రోజు విడిచి రోజు పొద్దున బుట్ట సంచి విప్పి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. వరుసగా రెండు మూడు సార్లు లెక్క పెరుగుతూ పోతే గుడ్లు పడుతున్నాయని అర్థం, ఆ శనివారం ఎలాగైనా పోవాలి. లెక్క తగ్గుతుంటే నిబ్బరంగా ఉండొచ్చు. ఇంత చవకగా ముందస్తు సమాచారం ఇచ్చేది ఇంకోటి లేదు. ల్యూర్, అంటే మగవాటిని రప్పించడానికి బుట్టలో పెట్టే వాసన బిళ్ళ, మాత్రం మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి, వాసన పోయిన ల్యూర్ ఉన్న బుట్ట ఖాళీగా ఉండి మనకు లేని ధైర్యం ఇస్తుంది. పచ్చపురుగు ల్యూర్ వేరు, పొగాకు లద్దె పురుగు ల్యూర్ వేరు. కొనేటప్పుడు ప్యాకెట్ మీద చదువుకోండి, నేను ఒకసారి తప్పుది తెచ్చి నెల రోజులు ఖాళీ బుట్టలు చూసుకుంటూ కూర్చున్నాను.

పక్షి కొయ్యల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో ఎకరాకు పదిహేను ఇరవై కొయ్యలు, పైరుకంటే ఎత్తుగా. ఏట్రింతలు, గోరువంకలు వాటి మీద వాలి పురుగులు ఏరుకు తింటాయి. ఒక్కసారి నాటితే సీజనంతా పనిచేస్తాయి, జీతం బత్తెం లేదు. గింజ ముదిరాక మాత్రం పీకేయాలి, అప్పుడు వచ్చే పక్షులు పురుగుల కోసం రావు.

ఇక దులపడం. చెట్ల మధ్య సాలులో పాలిథిన్ పట్టా లాక్కుంటూ పోతూ, కొమ్మలు మెల్లగా ఊపితే పురుగులు రాలి పట్టాలో పడతాయి. పెద్ద పురుగుల మీద ఇది మందుకంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే బాగా లావెక్కిన పురుగు మామూలు మోతాదు మందుకు సులువుగా చావదు. చిన్న పురుగులు రాలవు, కాబట్టి ఇది ఆలస్యంగా మేలుకున్నవాడి దారి. ఎకరం లోపు చేను, ఇంట్లో నలుగురు మనుషులు, ఒక ఆదివారం పొద్దున ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను. మూడెకరాలైతే కూలి లెక్క చూసుకోండి. రాలిన పురుగులను కోళ్ళకు వేస్తే అవి ఎగబడి తింటాయి. అపార్టుమెంటులో పుట్టిన మా పిల్లలకు ఆ రోజు సినిమా అక్కర్లేదు.

ట్రైకోకార్డుల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. కార్డు మీద పరాన్నజీవి సోకిన వేరే పురుగు గుడ్లు అంటించి ఉంటాయి, వాటి నుంచి వచ్చే బుల్లి కందిరీగలు పురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. చెరకులో, కొన్ని కూరగాయల్లో మంచి పేరుంది. కందిలో మాత్రం కాయల మీది నూగు, జిగురు వల్ల అంత చిన్న ప్రాణి సరిగా తిరగలేదు, ఫలితం అంతంతమాత్రం. ఆ డబ్బు కందికి వేరే దేనికైనా పెట్టండి.

వేప, వైరస్, బీటీ: వీటిలో ఏది?

మూడూ మెత్తని మందులే. కానీ పని తీరు, పని చేసే రోజు వేరు వేరు.

వేప కషాయం పురుగును అప్పటికప్పుడు చంపదు. తల్లి పురుగు గుడ్డు పెట్టడానికి వెనకాడుతుంది, పుట్టిన పిల్ల పురుగు ఆకు, పూత సరిగా తినలేదు. కాబట్టి అది మొగ్గ దశలో, బుట్ట లెక్క పెరగడం మొదలైనప్పుడు పడాలి. పురుగు కాయలో దూరాక వేప కొట్టడం తలుపులు పగలగొట్టి దొంగ పోయాక తాళం వేయడమే. ఐదు శాతం కషాయం అంటే వంద లీటర్ల నీళ్ళకు ఐదు కిలోల వేపపప్పు పొడి. కంది పొడవుగా పెరిగే పైరు, ఎకరాకు రెండు వందల లీటర్ల నీళ్ళు కావాలి, అంటే పది కిలోల పొడి. మూడెకరాలకు ముప్ఫై కిలోలు. వేసవి చివర రాలే వేపకాయలు ఏరి, ఎండబెట్టి, దంచే ఓపిక ఇంట్లో ఎవరికైనా ఉంటే దీనికి మించింది లేదు, ఖర్చు కూలి మాత్రమే. శుక్రవారం సాయంత్రం చిన్నాయన నానబెడితే శనివారం వడగట్టి, కొంచెం సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టుకోవచ్చు, మన వేళలకు చక్కగా సరిపోతుంది. ఆ ఓపిక లేకపోతే 1500 పీపీఎం అజాడిరాక్టిన్ (వేప సారం) సీసా, లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు. ఖర్చు ఎక్కువ, శ్రమ తక్కువ. ఒట్టి వేపనూనె తెచ్చి సబ్బు లేకుండా నీళ్ళలో పోసేవాళ్ళున్నారు. నూనె పైన తేలుతుంది, మొదటి ట్యాంకు ఒట్టి నీళ్ళు, చివరి ట్యాంకు ఒట్టి నూనె అవుతుంది.

వైరస్ మందు, అంటే ఎన్‌పీవీ, నాకు అన్నిటికంటే నచ్చినది. ఎకరాకు 200 ఎల్‌ఈ అని రాసి ఉంటుంది, అంటే వైరస్ పట్టి చచ్చిన రెండు వందల పురుగులలో ఉండేంత మోతాదు. పాత రోజుల్లో రైతులు అలా చచ్చి కొమ్మలకు తలకిందులుగా వేలాడే పురుగులనే ఏరి, నూరి, వడగట్టి కొట్టుకునేవారు. ఇది శనగపచ్చ పురుగు ఒక్కదానికే పడుతుంది. తేనెటీగకు, సాలీడుకు, పట్టు పురుగుకు, మనిషికి ఏమీ కాదు. హిందూపురం వైపు మల్బరీ తోటలు, పట్టు పురుగుల షెడ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పక్క చేను మల్బరీ అయితే ఇది ఒక్కటే మిమ్మల్ని పొరుగువాడితో గొడవ పడకుండా కాపాడుతుంది. అదే బీటీ అనే బ్యాక్టీరియా మందు అయితే పట్టు పురుగును కూడా చంపుతుంది, మల్బరీ దగ్గర దాని ఊసెత్తవద్దు.

ఎన్‌పీవీకి రెండు షరతులు. పురుగు చిన్నదై ఉండాలి, సెంటీమీటరు దాటితే ఆశ తక్కువ. ఎండలో కొట్టకూడదు, సూర్యకాంతికి వైరస్ చచ్చిపోతుంది. సాయంత్రం నాలుగు దాటాక, కొంచెం బెల్లం, బట్టలకు వేసే నీలిమందు కలిపి కొట్టాలి. పురుగు చావడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది కాబట్టి ఆదివారం పొద్దున చేనికి పోయి "ఏం చావలేదే" అని కంగారుపడి ఇంకో మందు కొట్టించొద్దు. వచ్చే శనివారం చూడండి. సీసాను ఫ్రిజ్‌లో దాచాలి, మూత గట్టిగా బిగించి, డబ్బాలో పెట్టి. మా ఇంట్లో దీని మీద జరిగిన చర్చ ఇక్కడ రాయను.

బీటీ మారుకా మీద కూడా కొంత పనిచేస్తుంది, అదే దాని లాభం. మల్బరీ లేని ఊళ్ళో, గూడు పురుగు పచ్చపురుగు రెండూ చిన్నవిగా కనిపిస్తే బీటీ మేలు.

రసాయనం కొనేటప్పుడు సీసా వెనక చదవండి

మెత్తని దారులన్నీ మొగ్గ దశకో చిన్న పురుగుకో చెందినవి. పూత నిండుగా ఉండి చెట్టుకు ఒకటి రెండు పురుగులు కనిపిస్తూ, అవీ పెద్దవవుతున్నాయంటే రసాయనం కొట్టక తప్పదు. నేను దానికి వ్యతిరేకిని కాను. కలగాపులగంగా కొట్టడానికి వ్యతిరేకిని.

కందిలో కాయ తొలిచే పురుగులకు ఇప్పుడు ఎక్కువగా వాడేవి మూడు. ఎమామెక్టిన్ బెంజోయేట్ ఐదు శాతం, లీటరుకు 0.4 గ్రాములు. పురుగు తిన్న కొద్ది గంటల్లో మేత మానేస్తుంది, ధర అందుబాటులో ఉంటుంది, కానీ ఆకు మీద ఎక్కువ రోజులు నిలవదు. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం, లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, అంటే ఎకరాకు 60 మిల్లీలీటర్లు. ధర ఎక్కువ, కానీ దాని ప్రభావం మిగతావాటికంటే ఎక్కువ రోజులు ఉంటుంది. ఇండాక్సాకార్బ్ మధ్యస్థం. రోజూ చేను చూసేవాడికి ఎమామెక్టిన్ చాలు, కావాలంటే మళ్ళీ కొట్టుకోగలడు. వచ్చే శనివారం వస్తామో రామో తెలియనివాడు క్లోరాంట్రానిలిప్రోల్ ధర భరించడమే లాభం అని నా లెక్క. అంగడిలో "చవకది ఇవ్వండి" అనే ముందు మీరు తిరిగి చేనికి ఎప్పుడు వస్తారో ఆలోచించండి.

రెండోసారి కొట్టాల్సి వస్తే మందు మార్చాలి అని అందరికీ తెలుసు. కానీ పేరు మారితే మందు మారినట్టు కాదు. క్లోరాంట్రానిలిప్రోల్ తర్వాత ఫ్లూబెండియమైడ్ కొడితే రెండూ ఒకే కుటుంబం, పురుగు మీద ఒకే చోట పనిచేస్తాయి. దాని తర్వాత ఎమామెక్టినో ఇండాక్సాకార్బో వేస్తేనే నిజంగా మార్చినట్టు. ఒకే మందును పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి, కాబట్టి పెద్ద అక్షరాల పేరు వదిలి, చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. శనగపచ్చ పురుగు మందులకు అలవాటు పడటంలో ఆరితేరింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టినా చావని పురుగును మన రైతులు కళ్ళారా చూశారు. మన వైపు ఇంకో చిక్కుంది. కోలారు, మదనపల్లె టమోటాను తినేదీ ఈ పురుగే. టమోటా తోటల్లో వారం వారం మందు తిని బతికి బట్టకట్టిన వాటి సంతానమే ఎగిరొచ్చి మన కంది మీద వాలుతుంది.

మూడు సీసాలు కలిపి కొట్టడం గురించి ఒక్క మాట. చావాల్సిన పురుగుతో పాటు సాలీళ్ళు, అక్షింతల పురుగులు, కందిరీగలు అన్నీ పోతాయి, ఆ తర్వాత వచ్చే పురుగుకు అడ్డే ఉండదు. ఆ మొదటి ఏడు మాకు జరిగింది అదే.

కాయ ఈగకు దారి వేరు. పక్క చేలల్లో దాని బాధ ఉందని తెలిస్తే కాయ పిందె దశ దాటి గింజ పాలు పట్టేటప్పుడు, లోపలికి ఇంకే డైమిథోయేట్ లాంటి మందు లీటరుకు 2 మిల్లీలీటర్లు. చిల్లులు కనిపించేదాకా ఆగితే కొట్టనే వద్దు. నల్లులకూ అదే పనికొస్తుంది.

ఎవరితో కొట్టించాలన్నదీ ఎంపికే. ఎకరాకు రెండు వందల లీటర్లంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండు పైచిలుకు. మూడెకరాలకు దాదాపు నలభై ట్యాంకులు, ఒక మనిషి ఒక్క శనివారం సాయంత్రంలో చేయలేడు. తలకు మించిన కందిలో పైకి కొట్టిన మందంతా కొట్టేవాడి ముఖం మీదే పడుతుంది. ఇప్పుడు ఊళ్ళలో బాడుగకు దొరికే డ్రోన్ ఈ ఒక్క కారణానికి నాకు ఇష్టం. పైన పూత, కాయ ఉండే పైరు కాబట్టి కందికి అది నప్పుతుంది. డ్రోన్‌లో నీళ్ళు ఎకరాకు పది లీటర్ల లోపే, కాబట్టి పైపైన ఉండే పచ్చపురుగుకు సరే, గూడు లోపల దాక్కున్న మారుకాకు చేతి స్ప్రేయరే నయం. ఎవరు కొట్టినా మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా మనమే కొనివ్వాలి. సీసా మీద త్రికోణం ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, అన్నిటికంటే తక్కువది ఆకుపచ్చ.

అనపకాయ సంగతి వేరు

చలికాలం వచ్చిందంటే బెంగళూరులో అవరెకాయి వాసన. ఆ రోజుల్లో జరిగే పేరు పొందిన అవరెబేళె మేళాలో దోసె నుంచి జిలేబీ దాకా అన్నీ అవరెబేళెతోనే. మనం అనపకాయలు అంటాం, పితికిపప్పు కూర అంటే ప్రాణం పెడతాం. ఊళ్ళో కందితో పాటు నాలుగు సాళ్ళు అనప వేసుకునేవాళ్ళు చాలామంది, ఆ నాలుగు సాళ్ళకూ కంది మందే కొట్టించేస్తారు. ఇది పెద్ద తప్పు. కంది ఎండిన గింజ, కోతకు ముందు మందు దిగిపోవడానికి వారాలుంటాయి. అనపకాయ పచ్చిగా కోసి మర్నాడే వండుకుంటాం. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడకూడదని ఎప్పుడో నిషేధం ఉంది, అయినా "పాత మందు, గట్టి మందు" అని కొట్టేవాళ్ళను చూశాను.

అనపకు నా ఎంపిక ఇది: పూతకు ముందు వేప, పచ్చపురుగు కనిపిస్తే ఎన్‌పీవీ, మిగతాది చేత్తో ఏరడం. అనపకు ప్రత్యేకంగా పట్టే కాయ తొలుచు పురుగు ఇంకోటి ఉంది, చూడ్డానికి పచ్చపురుగు చెల్లెల్లా ఉంటుంది, దానికి ఈ వైరస్ పట్టదు. అప్పుడు బీటీ లేదా ఏరివేత. రకాల్లో జీకేవీకే వాళ్ళ హెచ్‌ఏ 3, హెచ్‌ఏ 4 పొట్టిగా ఉండి ఏ కాలంలో వేసినా పూస్తాయి, పొట్టి చెట్టు కాబట్టి ఏరడం సులువు. పాత నాటు రకం చలికాలంలోనే పూస్తుంది, వాసన దానిదే. రుచి కావాలా, సులువు కావాలా మీరే తేల్చుకోండి. నేను రెండు సాళ్ళు అది, రెండు సాళ్ళు ఇది వేస్తాను.

బెంగళూరు మేడ మీద కుండీల్లో అనప పాదు పెంచేవాళ్ళకు పేనుబంకే ముఖ్యమైన తలనొప్పి. పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి, మరీ ముదిరితే సబ్బు నీళ్ళు. చీమల దారి మూసేయండి, వాటి కాపలా పోతే అక్షింతల పురుగులు వచ్చి మిగతా పని చూసుకుంటాయి. మేడ మీద రసాయనం వద్దే వద్దు.

బెంగళూరులో ఎవరిని అడగాలి

మనకు ఇక్కడున్న సౌకర్యం ఊళ్ళో రైతుకు లేదు. బళ్ళారి రోడ్డు మీద జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ఏటా జరిగే కృషి మేళాలో విత్తనాలు, రకాల వివరాలు దొరుకుతాయి. హెబ్బాళలో మేలు చేసే కీటకాలు, జీవ నియంత్రణ మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ ఉంది. 1993లో జీవ నియంత్రణ డైరెక్టరేట్‌గా మొదలై 2014లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. పురుగు ఏదో తేలకపోతే సీసాలో వేసుకుని, పట్టిన కాయతో సహా తీసుకుపోండి, ఫోన్‌లో మసక ఫొటో చూపించి మందు చెప్పమంటే ఎవరూ సరిగా చెప్పలేరు. కన్నడంలో కంది "తొగరి", అనప "అవరె", కాయ తొలుచు పురుగు "కాయి కొరక". ఈ మూడు మాటలు వస్తే పని సగం అయినట్టే. ఎన్‌పీవీ ఎక్కడ కొన్నా తయారీ తేదీ చూడండి, ఎండలో అద్దాల అలమారాలో పెట్టిన సీసా కొనొద్దు.

మూట ఇంటికొచ్చాక

కోత అయిపోతే యుద్ధం ముగిసిందనుకుంటాం. ఊరి నుంచి తెచ్చిన కందుల మూట రెండు నెలలకు తెరిస్తే గింజకో కన్నం. ఈ పుచ్చు పురుగు చాలాసార్లు చేనిలోనే గింజ మీద గుడ్డు పెట్టి మనతో పాటే కారులో బెంగళూరు వస్తుంది. గింజకు అంటుకున్న తెల్లటి చుక్క కనిపిస్తే అదే గుడ్డు.

దీనికి దారులు నాలుగైదు. బాగా ఎండబెట్టడం, పంటికి కొరికితే టక్కుమనేదాకా, ఏ దారి ఎంచుకున్నా ముందు ఇది తప్పదు. మా అవ్వ చేసినట్టు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడం మంచిదే, కానీ నాలుగో అంతస్తు బాల్కనీలో కుదిరే పని కాదు. కిలోకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టిస్తే పురుగు గుడ్లు బతకవు, పది కిలోల లోపు ఉంటే ఇదే సుఖం. మూట పెద్దదైతే మూడు పొరల గాలి చొరని సంచి కొనండి, లోపలున్న గాలి అయిపోయి పురుగు దానంతటదే చస్తుంది. మూతి బిగించాక నెలన్నర తెరవకూడదు, ఎలుక చిల్లు పడకూడదు. కొద్దిగా ఉంటే కిలో పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో ఐదు రోజులు పెట్టి తీయొచ్చు. పప్పుగా విరిపించుకుంటే ఈ పురుగుకు కావలసిన నిండు గింజే ఉండదు. విత్తనానికి దాచేది మాత్రం విడిగా సంచిలో పెట్టి, ఫ్రీజర్ జోలికి పోవద్దు.

ఊళ్ళో గోదాముల్లో వాడే గ్యాస్ గోళీలు, అల్యూమినియం ఫాస్ఫైడ్, ఎవరైనా పొట్లం కట్టి ఇస్తే ఇంటికి తీసుకురావద్దు. దాన్నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు తలుపులు మూసిన గదిలో మనుషుల ప్రాణాలు తీస్తుంది, పక్క ఫ్లాటుకూ పాకుతుంది. పోయిన సంక్రాంతికి మా ఊరి వ్యాపారి ఒకాయన అభిమానంగా నాలుగు గోళీలు చేతిలో పెట్టబోతే చిన్నాయనే అడ్డుకుని, కందుల మూటతో పాటు అర లీటరు వేరుశనగ నూనె సీసా కారులో పెట్టించాడు.